ఉత్తరముఖముగా కూర్చుండుము

ఆ దినమున మా యింట నుండినవారు నలుగురు. మాఘమాసపు మంచు చేలపైనుండి యింకను లేవకముందే పచ్చి ఆకును వేడికి ఆరబెట్టు బ్యారన్ కొట్లలో కాగుచున్న పొగాకు వాసన తియ్యగను ఘాటుగను పాలెమంతయు క్రమ్ముకొనుచుండగా, వసారాలో నులకమంచముపై దుప్పటి కప్పుకొని కూర్చుండి లోపలి గది తలుపువంకనే చూచుచు గొణుగుకొనుచున్న మా నాయనమ్మ తిరపతమ్మ ఒకరు. రాత్రియెల్ల బ్యారన్ పొయ్యికడ మేలుకొని వచ్చియు నిద్రకు పోక ఆముదపు గిన్నెయు గుడ్డపీలికయు చేతబట్టి ఆ తలుపు గడియకు ఆముదము పట్టించుచున్న మా నాన్న మాలకొండయ్య ఒకరు. తలంటి పోసికొని ఉతికిన నేతచీర కట్టి గది నడుమ కుర్చీ వీపుపై చేయి వేసి నిలిచియున్న మా మేనత్త ఝాన్సీరాణి ఒకరు. ఎవరికిని అడ్డుపడకుండ గోడ నానుకొని నిలుచుట యొక్కటే బాగుగ నేర్చిన నేనొకతెను. అమ్మ పొగాకు ఆకు గ్రేడు చేయుటకు పెందలకడనే పోయినది గావున లెక్కలోనికి రాదు.

చదువరులారా, గడియకు ఆముదము పట్టించుట యేమంత వింతయని మీరనుకొందురేమో. ఆ గడియ నేను పుట్టకమునుపటినుండి పడి యెరుగదు. ఇంటర్మీడియెట్టు చదువుచుండగా మా అత్తకు మెదడువాపు జ్వరము వచ్చి, పోవుచు పోవుచు ఆమె కన్నుల వెలుగును తనతో గొనిపోయెనట. నాటినుండి ఆమె గది తలుపు మూయరాదని నాయనమ్మ శాసనము చేసెను. లోపల బిడ్డ తూలి పడిన ఎవరికి వినబడునను భయమే దానికి మూలము. కాలక్రమమున ఆ తలుపునకు కొబ్బరిపీచు బస్తా యొకటి ఆనింపబడెను. అడుగు చెక్క తేమ పీల్చి ఉబ్బెను. గడియ త్రుప్పు పట్టి గోడలో భాగమువలె బిగిసికొనిపోయెను. తెరచిన తలుపుతోనే మా అత్త నిద్రించెను, చదివెను, ఏడ్చెను, నవ్వెను. ఆనాడు ఆ తలుపు మూయవలసి వచ్చినది. ఎందుకనగా ఆనాడు ఆమె వ్రాయబోవునది పట్టభద్రత కడపటి పరీక్ష. అంతకు మించి, పరుల నోట జవాబులు విని వ్రాసినదని తనపై పడిన నిందను కడిగికొను పరీక్ష.

ఆ నింద యెట్లు పుట్టెనో చెప్పెదను.

చూపు పోయినపిమ్మట ఊరివారు జాలిపడి ఊరకుండిరి. మా అత్త ఊరకుండలేదు. ఒంగోలులో చూపులేనివారికి కంప్యూటరు నేర్పుచోట చేరి, మీటలను వ్రేళ్ళతో తడవి తెలిసికొని తప్పు లేకుండ వ్రాయ నేర్చెను. పిదప ఇంటనుండియే చదువదగిన దూరవిద్యా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము తీసికొనెను. పాఠములు తెరమీదికి వచ్చును. కంప్యూటరులోని యొక గొంతు వానిని చదివి వినిపించును. ఆడుపిల్ల గొంతు గావున నాయనమ్మ దానిని ‘ఆ పిల్ల’ యనును. ఆ పిల్ల అక్షరములన్నిటిని వడివడిగ చదివి పటము వచ్చినతావున మాత్రము ‘చిత్రం’ అని యొక్క మాట పలికి దాటిపోవును. అర్థశాస్త్రమునకు పటములే ప్రాణము. ధర యెట్లు పెరిగెనో గిరాకీ యెట్లు తగ్గెనో గీతలు చెప్పవలసినదే.

“ఏందే ఆ పిల్ల? బొమ్మ కాడికొచ్చేసరికి మొగుడి పేరు చెప్పమన్నట్టు నోరు మూసుకుంటది?” అని నాయనమ్మ యొకనాడు విసుగుకొనెను.

ఆ పిల్ల మూసికొన్న నోరు నేను తెరువవలసి వచ్చెను. బడిలో హాజరు పలుకుటకైనను గొంతు పెగలక తోటివారిచేత నవ్వించుకొను దానను నేను. అయినను మా అత్త యెదుట మాత్రము నాకు మాట కరవు లేదు. ఆమె నన్ను చూడజాలదు గావున నా సిగ్గునకు అక్కడ పనిలేదని నా తలంపు.

మా పాలెమున కుడియెడమలు లేవు. ఉప్పు డబ్బా పొయ్యికి పడమట నుండును. పీట కొంచెము ఉత్తరమునకు జరుగును. పెండ్లికూతురి కొప్పులో పువ్వు దక్షిణమునకు ఒరిగినదని సరిచేయుదురు. చూపులేని మా అత్త ఆ దిక్కుల నాధారముగ గొనియే యిల్లంతయు తడబడక తిరుగును. కావున నేనును ఆ భాషలోనే మొదలిడితిని.

“అత్తా, ఉత్తరం తిరిగి కూర్చో. గిరాకీ గీత పడమటి గోడ మీద దూలం కాణ్ణించి బయల్దేరి తూర్పు గోడ అడుక్కి దిగతా ఉంది. సరఫరా గీతేమో పడమటి గోడ అడుగున మొదలై తూర్పు దూలానికి ఎక్కతా ఉంది.”

మా అత్త రెండు చేతులను గాలిలోనికెత్తి ఒక చేతితో పైనుండి దిగుచు వేరొక చేతితో క్రిందినుండి ఎక్కుచు వచ్చి, నడుమ రెండును తగిలినతావున నిలిపి పకపక నవ్వెను.

“ఇక్కడేగా బేరం కుదిరేది!”

నాటినుండి మాకు ఆ గదియే పటమయ్యెను. నాలుగు గోడలును ధరలకును సరకులకును హద్దులయ్యెను. సరఫరా పెరిగినదన్న ఆమె ముఖము తానుగా తూర్పు తలుపువైపు తిరుగును. తరిగినదన్న పడమటి కిటికీవైపు తిరుగును. చూపున్నవారికి కనుపాపలు కదలినట్లు ఆమెకు మెడ కదలును.

ఒకనాడు నేను నా పాండిత్యమునకు మురిసి, “సరఫరా గీత తూర్పుకు జరిగింది, అందుకని ధర తగ్గింది” అని గడగడ చెప్పితిని.

“ఆగు కోడలా! జరిగింది అన్నది బొమ్మ. తగ్గింది అన్నది నువ్వు. నా నోటికాడ ముద్ద నువ్వు తింటే నా కడుపు నిండిద్దా?” అని మా అత్త కసరెను.

పటమున కనబడుదానిని చెప్పుట వేరు, దానినుండి తెలియుదానిని చెప్పుట వేరు. మొదటిది చెప్పకున్న చూపులేనివారికి అన్యాయము, రెండవది చెప్పిన చదువునకే అన్యాయము. ఆ రెంటి నడుమ సన్నని గట్టుమీద నడచుట నేను నేర్చినది ఆ కసరువలననే.

నేను చెప్పినవానిని మా అత్త ఫోనులో పట్టి తనవలె చూపులేని తోటి విద్యార్థులకు పంపుచుండెను. అవి చేతులు మారి మారి విశ్వవిద్యాలయమున పాఠములను తెరకు అనువుగ కూర్చు మృదుల యనునామెను చేరెను. ఆమె ఫోను చేసి మొదట నన్ను మెచ్చుకొనెను. పిదప నవ్వాపుకొనజాలక యిట్లనెను.

“హైదరాబాదు నుంచి ఒకబ్బాయి ఫిర్యాదు చేశాడమ్మా. ఈ అమ్మాయి ప్రతి బొమ్మకీ ఉత్తరం తిరిగి కూర్చోమంటోంది, మా అపార్ట్‌మెంట్లో ఉత్తరం ఎటో వాచ్‌మన్‌కి కూడా తెలీదు అంటున్నాడు!”

ఉత్తరమెటో తెలియని మనుష్యులు లోకమున నుందురని నేనెన్నడు తలపనైన తలపలేదు. కుడియెడమలను గూడ చేర్చి చెప్పుటకు నాటినుండి అలవాటుపడితిని. మృదుల కోరగా కొన్ని మాసములకు ఆ పాఠములలోని ప్రతి పటము క్రిందను నా వాక్యములు చేరెను. ‘ఉత్తరముఖముగా కూర్చుండుము, ఉత్తరము తెలియనిచో కుడిని తూర్పుగా నెంచుము’ అని ఆ పిల్ల చదువుచుండగా విని, “దీనికి ఇప్పటికి నోరొచ్చిందే” అని నాయనమ్మ మెటికలు విరిచెను. పరీక్షలోని పటములకు మాత్రము నాచేత వ్రాయింపరు. విద్యార్థిని యున్న యింటిలోనిదానను గావున వానిని వారే వ్రాసికొందురు. అది న్యాయమే.

మార్గశిరమున, ఇంటనుండియే వ్రాయదగిన కడపటి పరీక్ష వచ్చెను. చూపులేనివారికి వ్రాసిపెట్టు మనిషిని తోడిత్తుమని విశ్వవిద్యాలయమువారనగా మా అత్త వలదనెను. ఎవరును జవాబు లందింపకుండ కాచి చూచుటకు మాత్రము ఉత్తరపు గోడకడ బల్లపై కంప్యూటరు తన కెమెరా కన్నును తెరచి యుంచెను. గదిలో వేరెవరు నుండరాదను నియమమును మేము వింటిమి. అయినను తలుపు మూయుట యనునది మా యింట ఎవరికిని తోచని పని. “దానికి దాహమైతే ఎవరిస్తారే? గడప మీద నిలబడు, లోపలికి పోబాక” అని నాయనమ్మ నా చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చెను. గడప గదిలోనిది కాదనుకొంటిమి. అది మా యెరుకలేమి.

మిరప దిగుబడి పెరిగినచో పటమున ఏ గీత యెటు జరుగునను ప్రశ్న వచ్చెను. మా అత్త పెదవులు కదిపి తనలో తాననుకొని తూర్పునకు ముఖము త్రిప్పెను. తూర్పున తలుపున్నది. తలుపున నేనున్నాను. క్షణకాలమాగి ఆమె మరల ఉత్తరమునకు తిరిగి జవాబు వ్రాసెను.

ఫలితములు వచ్చినదినమున ఇంటిల్లిపాదియు కంప్యూటరు చుట్టు చేరితిమి. ఆ పిల్ల పాఠము చదివినట్లే, అదే గొంతుతో అదే వడితో, ఏ కనికరమును లేక చదివెను: ‘రెండవ వ్యక్తి సహాయము అనుమానింపబడినందున ఫలితము నిలిపివేయబడినది.’

“ఇన్నాళ్ళూ మనింట్లో ఉండి మన పిల్లనే దొంగంటదా ఇది? తీసి బావిలో పారెయ్యండ్రా!” అని నాయనమ్మ లేచెను. ఆనాడు మా అత్త అన్నము ముట్టలేదు. మరునాడు కుళాయికడ ఎవరో “కళ్ళు లేకపోయినా కాపీ కొట్టొచ్చన్నమాట” అని నవ్విన నవ్వు నా చెవిన బడెను. నేనది ఇంట చెప్పలేదు. చెప్పకయే ఆమెకు తెలిసెను. నా బిందె దింపిన చప్పుడులోనే ఆమె సర్వమును వినగలదు.

విచారణ యొకటి యేర్పాటయ్యెను. తెరమీద ముగ్గురాచార్యులు కూర్చుండిరి, మృదులయు నుండెను. వారిలో పెద్దయైన నిరంజనరావుగారు తెల్లని మీసముల వృద్ధులు. పరీక్షనాటి దృశ్యమును చూపించి మెల్లగ నడిగిరి.

“ఝాన్సీరాణి గారూ, సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే మీరు అటు తిరిగారు. అక్కడే ఒకరు నిలబడ్డారు. చున్నీ అంచు కనిపిస్తోంది. ఎవరమ్మా అది?”

నేను గోడ నానుకొని యుంటిని. గోడ నన్ను తనలోనికి తీసికొనిన బాగుండుననిపించెను. అప్పుడు మా అత్త చేయి గాలిలో వెదకి నా మణికట్టును పట్టుకొని కెమెరా యెదుటికి లాగెను. ఒక్కమాటయైన సాయము చేయలేదు. నా గొంతు మొదట పెగలలేదు. రెండవమారు గాలి వచ్చెను. మూడవమారు మాట వచ్చెను.

“నేనే సార్. మాల్యశ్రీని. మంచినీళ్ళు పట్టుకుని తలుపులో నిలబడ్డాను. ఏమీ చెప్పలేదు సార్. అత్త నా వైపు తిరగలేదు. తూర్పు వైపు తిరిగింది.”

“నువ్వున్నదీ తూర్పేగా తల్లీ? రెండూ ఒకటే కదా?”

“కాదు సార్. నేను లేకపోయినా తూర్పు అక్కడే ఉంటది.”

నేను తప్పుగ పలికితినేమోయని గోడవైపు వెనుకంజ వేసితిని. అంతట మృదుల మా పటముల కథను, దిక్కుల కథను, ఉత్తరమెరుగని హైదరాబాదు బాలుని కథను విన్నవించి, పాఠములోని వాక్యములను పెట్టి వినిపించెను. నిరంజనరావుగారు కళ్ళద్దములు తీసి తుడుచుకొనిరి.

“మా అమ్మ అన్నం పెట్టి, పడమటి పక్క పప్పు కలుపుకోరా, తూర్పు పక్కది పెరుక్కి ఉంచు అనేదమ్మా. కంచంలో దిక్కులు! ఎన్నేళ్ళకి విన్నాను” అనిరి. పిదప కళ్ళద్దములతోపాటు ఆచార్యత్వమును మరల ధరించి, “కానీ తలుపు తెరిచుంది, మనిషి ఉంది. అది తప్పే. చెప్పలేదని నేను నమ్ముతాను. నా నమ్మకం రేపు ఇంకొకరికి రుజువు కాదు. కనీసపు మార్కులిచ్చి గట్టెక్కించమంటే ఎక్కిస్తాం. లేదంటే మళ్ళీ పరీక్ష. మీ ఇష్టం” అనిరి.

నాయనమ్మ వెనుకనుండి “ఎక్కించమను, ఎక్కించమను” అని అత్త చీర కొంగు పట్టి లాగుచుండెను. మా అత్త ఆ చేతిని విడిపించుకొనెను.

“గట్టెక్కించొద్దు సార్. నేనే ఎక్కుతా. మళ్ళీ పెట్టండి. ఒక్కటి మాత్రం అడగతా. నేను అటూ ఇటూ తిరగందే నాకు ఆలోచన రాదు. దాన్ని తప్పని రాసుకోబాకండి.”

“తిరగడం రాసుకోం. మీకే కాదు, చూపులేని వాళ్ళెవరు తిరిగినా ఇకమీద రాసుకోం. నిలబడ్డ మనిషిని మాత్రం రాసుకుంటాం” అని ఆయన నన్ను చూచి నవ్విరి. నేనును నవ్వితిననుకొందును; నాకు సరిగ తెలియదు.

ఇట్లు వచ్చినది ఆ మాఘమాసపు ఉదయము. కొబ్బరిపీచు బస్తాను నాన్న వసారాలోనికి ఈడ్చెను. ఉబ్బిన చెక్కను ముందునాడే వడ్రంగి చిత్రికపట్టి సరిచేసెను. ఆముదము త్రాగి త్రాగి గడియ కడకు కదలెను. నాన్న దానిని ముందునకు వెనుకకు ఆడించుచుండ నాయనమ్మ యిక నోర్వలేకపోయెను.

“తలుపేస్తే అది పడిపోతే ఎట్టారా? ఎవరికి వినపడిద్ది?”

“పడితే లేస్తానమ్మా. లేవలేకపోతే అరుస్తా. నా గొంతు నీకు తెలుసుగా, నీ పోలికే” అని మా అత్త లోపలినుండి బదులిచ్చెను. నాన్న నవ్వు దాచుకొనుటకై ఆముదపు గిన్నెలోనికి తొంగిచూచెను. నాయనమ్మ దుప్పటిని నెత్తిమీదికి లాగికొనెను. కాని దుప్పటిలోని కన్నులు తలుపును విడువలేదు.

పరీక్షవేళ సమీపించెను. నియమము ననుసరించి కంప్యూటరునెత్తి గది నాలుగు వైపులను కెమెరాకు చూపుట నా పని. ఉత్తరపు గోడను, తూర్పు తలుపును, దక్షిణపు మంచమును, పడమటి కిటికీని చూపితిని. మాకు గిరాకీయు సరఫరాయు నేర్పిన ఆ నాలుగు గోడలును ఆనాడు సాక్షులవలె నిటారుగ నిలిచినట్లు నాకు తోచెను. కంప్యూటరును బల్లపై పెట్టితిని. మా అత్త కుర్చీని తడవి, తానుగానే ఉత్తరముఖముగ దానిని సరిజేసికొనెను.

“ఇంక నువ్వెళ్ళు కోడలా.”

“మంచినీళ్ళు?”

“పడమటి కిటికీలో పెట్టావుగా.”

“ప్లగ్గు ఊడితే?”

“ఊడదు. ఊడితే నేను పెట్టుకుంటా. ఏ గోడకుందో నాకు తెలీదా?”

ఇన్నినాళ్ళును ఆమెకు నేను గీతయైతిని, రంగునైతిని, దూలమునైతిని, ఇక నేనేమగుదును? మెల్లగ, “అత్తా, నేను వసారాలో గోడ పక్కనే ఉంటాలే. చప్పుడు చెయ్యను” అంటిని.

ఆమె లేచి నాకడకు వచ్చి, చేయి చాచి, నా భుజమును మొదటి తడవలోనే కనుగొనెను.

“వసారాలో కూడా వద్దమ్మా. నీ ఊపిరి నాకు తెలుసు. అది వినపడితే నువ్వున్నావని నాకు ధైర్యం వస్తది. ఆ ధైర్యం కూడా ఇయ్యాళ కాపీయే. వీధి గుమ్మం కాడికి పో. పడమట చెప్పావు, తూర్పు చెప్పావు, దిగేది చెప్పావు, ఎక్కేది చెప్పావు. ఇంక చెప్పేది నా వంతు.”

ఆ మాట వినినంతట నా గుండెలోనికి ఏదో పొంగివచ్చెను. అది దుఃఖమని మొదట భ్రమించితిని. కాని దుఃఖమునకు తల వంగును. నా తల నిలువుగ లేచెను. ఎవరి నోటిముద్దయు నేను తినలేదు, ఎవరి కంటిచూపును నేను దాచలేదు. చూచినది చూచినట్లు చెప్పి తప్పుకొనువారు చాలునని, అంతకు మించి యెవరును వలదని అనగల మనిషి నా యెదుట నిలిచియున్నది; ఆమెకు నేను కోడలను.

నేను గడప దాటి వసారాలోనికి వచ్చి వెనుదిరిగి చూచితిని. తూర్పు ఎండ నా వీపుమీదుగ పోయి ఆమె ముఖమున పడుచుండెను. ఆమె ఆ వెచ్చదనమును ఒక్క క్షణము చెంపపై నిలుపుకొని, తలుపు రెక్కను వ్రేళ్ళతో వెదకి పట్టుకొని, నా ముఖముమీదనే మూసి, నేను పుట్టకమునుపటినుండి పడి యెరుగని ఆ గడియను తన చేతితో తానే వేసికొనెను.